ముంగిలి, దాలాన్, పోర్టికో: పాత ఇంటి ముందు భాగం గురించి కొన్ని చారిత్రక విషయాలు

హైదరాబాదు పాతబస్తీలో ఏ ఇల్లు శిథిలమైనా మొదట పోయేది దాని ముందు భాగమే. వానకు ఎక్కువగా తడిసేదీ, వీధి వెడల్పు చేసేటప్పుడు అధికారుల గీతలో పడేదీ, అన్నదమ్ముల పంపకాల్లో దుకాణాలుగా మారేదీ అదే. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద తర్వాత, 1912లో నగరాభివృద్ధి కోసం ‘ఆరాయిష్ బల్దా’ శాఖ ఏర్పడింది. అప్పటినుంచి రోడ్ల పేరుతో ఎన్నో ఇళ్ళ ముఖాలు మారిపోయాయి. పాతబస్తీ మెట్రో మార్గం కోసం దారుల్‌షిఫా నుంచి శాలిబండకు పోయే దారి వెంట 2025లో మళ్ళీ కూల్చివేతలు మొదలయ్యాయి. ముందు గదులు పోయి, వెనుక భాగం మాత్రం మిగిలిన ఇంటివారి ముందున్న ప్రశ్న ఒక్కటే: ఈ ఇంటికి మళ్ళీ ఎలాంటి ముఖం కట్టాలి?

మేస్త్రీ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. రెండు గుండ్రని స్తంభాలు, వాటిపై కాంక్రీటు పలక, పలక అంచున సిమెంటుతో పోసిన కమాను. ‘నవాబుల కాలం నాటిలా ఉంటుంది’ అని ఆయన హామీ కూడా ఇస్తాడు. ఇంటివారి కోరిక మంచిదే. తాతముత్తాతల ఇంటి తీరును నిలుపుకోవాలన్న ఆలోచనను ఎవరూ తప్పుపట్టరు. అయితే నవాబుల కాలమంటే ఏ కాలం? ఆ ఇంటి ముందు అసలు స్తంభాలు ఉండేవా? ఉంటే అవి వీధివైపు ఉండేవా, లోపలి ముంగిలివైపు ఉండేవా? ఈ ప్రశ్నలు వేసుకోకుండా కట్టిన వసారా ఎంత అందంగా ఉన్నా, ఆ ఇంటిది కాని చరిత్రను ఆ ఇంటికి అంటగడుతుంది.

ముందుగా ఒక మాట గురించి చెప్పాలి. అరబీ గ్రంథాలను తెలుగులోకి అనువదించేవారికి తరచుగా ఎదురయ్యే పదాల్లో ‘ఫినా’ ఒకటి. ఇంటి గోడను ఆనుకొని, ఇంటివారి వాడుకలో ఉంటూ, వీధికి తెరచి ఉండే జాగాను ఫినా అంటారు. ‘ఆవరణ’ అంటే ప్రహరీలోపలి స్థలమనే భావం వస్తుంది. ‘అరుగు’ అంటే ఎత్తు కట్టిన తిన్నె అవుతుంది. ‘ముంగిలి’ ఒక్కటే దీనికి దగ్గరగా సరిపోతుంది. ఈ తేడా ఎంత ముఖ్యమో సహీహ్ బుఖారీలోని హిజ్రత్ కథనం చదివితే తెలుస్తుంది. మక్కాలో హజ్రత్ అబూబక్ర్ (ర)కు ఇబ్నుద్దగినా రక్షణ కల్పించాడు. ఆయన తన ఇంట్లోనే ఆరాధన చేసుకుంటే తమకు అభ్యంతరం లేదని ఖురైషులు అన్నారు. కొంతకాలానికి ఆయన తన ఇంటి ఫినాలో నమాజుకు ఒక చోటు కట్టుకొని, అక్కడ ఖుర్ఆన్ పారాయణం చేయసాగారు. దారిన పోయే స్త్రీలు, పిల్లలు గుమిగూడి వినేవారు. ఖురైషులకు కలవరం పుట్టింది అక్కడే. ఆ మాటను ‘ఇంట్లో’ అని అనువదిస్తే వారి కలవరానికి కారణమే అర్థం కాదు. ఇల్లు తనది, చూపు మాత్రం వీధిది. ఈ రెండూ కలిసేచోటే ముంగిలి.

మదీనాలోని సుఫ్ఫా కూడా ఇలాంటి కట్టడమే. మస్జిదె నబవీ కట్టిన తొలినాళ్ళలో ఖిబ్లా ఉత్తరాన బైతుల్ మఖ్దిస్ వైపు ఉండేది. హిజ్రీ 2వ సంవత్సరంలో ఖిబ్లా దక్షిణానికి, కాబా వైపుకు మారింది. అప్పుడు ఉత్తరపు గోడ దగ్గరి నీడపట్టు అలాగే నిలిచింది. ఖర్జూరపు మట్టలతో కప్పిన ఆ వసారాలోనే ఇల్లూ వాకిలీ లేని సహాబీలు నివసించారు. అస్హాబె సుఫ్ఫా అని చరిత్రకెక్కినవారు వీరే. హజ్రత్ అబూహురైరా (ర) వారిలో ఒకరు. ఉర్దూలో సుఫ్ఫాను ‘చబూత్రా’ అనడం పరిపాటి కాబట్టి మన తెలుగువారు ‘అరుగు’ అని రాస్తున్నారు. అయితే అక్కడ ప్రధానమైనది నీడ. కూర్చునే తిన్నె అనే అర్థం ఆ మాటకు మరోదారిలో స్థిరపడింది. అదే మాట తుర్కీ భాష మీదుగా ఐరోపాకు పోయి ‘సోఫా’ అయింది. దిశ మారినా పాత కప్పును పడగొట్టకుండా దానికి కొత్త పని అప్పగించారన్న సంగతిని పాత ఇళ్ళ యజమానులు ఒక్క క్షణం ఆలోచించవచ్చు.

ఇంటికీ వీధికీ మధ్య ఉన్న ఈ హద్దు విషయంలో ఇస్లామీయ వాఙ్మయం చాలా సూక్ష్మంగా మాట్లాడుతుంది. ఇతరుల ఇళ్ళలోకి అనుమతి అడగకుండా, సలాం చేయకుండా ప్రవేశించరాదని సూరె నూర్‌లోని 27వ ఆయతు ఆదేశిస్తుంది. దైవప్రవక్త (స) ఎవరి ఇంటికి వెళ్ళినా తలుపుకు ఎదురుగా నిలబడక, కుడికో ఎడమకో తొలగి నిలిచేవారని అబూదావూద్ గ్రంథంలో ఉంది. ఆ రోజుల్లో తలుపులకు పరదాలు ఉండేవి కావని కారణం కూడా అక్కడే చెప్పబడింది. వీధుల్లో కూర్చోవద్దని ఆయన అన్నప్పుడు, తమకు అది తప్పదని సహాబీలు విన్నవించుకున్నారు. అలాగైతే దారి హక్కు చెల్లించమని ఆయన ఆదేశించారు. చూపు దించుకోవడం, బాధ కలిగించకపోవడం, సలాంకు జవాబివ్వడం, మంచిని చెప్పి చెడును వారించడం, ఇవీ ఆ హక్కులు. దారి వెడల్పుపై తగాదా వస్తే ఏడు మూరలు విడవాలన్న హదీసు కూడా ఉంది. మన లెక్కలో అది సుమారు పదిన్నర అడుగులు.

మదర్సాల్లో నేటికీ బోధించే ‘హిదాయా’లో (గ్రంథకర్త మర్గీనానీ హిజ్రీ 593లో మరణించారు) వసారా కట్టేవారు చదవదగిన భాగం ఒకటుంది. అది గృహనిర్మాణ ప్రకరణంలో కాక రక్తపరిహారాల ప్రకరణంలో ఉండటం విశేషం. ఎవరైనా రాజమార్గం మీదికి దూలమో, తూమో, అంగడి తిన్నెయో పొడుచుకువచ్చేలా కడితే, ఎవరికీ హాని లేనంతవరకు దాన్ని వాడుకోవచ్చు. అయితే దారిన పోయేవారిలో ఏ ఒక్కరైనా సరే దాన్ని తీసివేయమని అడగవచ్చు. అది కూలి మనిషి మరణిస్తే పరిహారం తప్పదు. మూసుకుపోయిన సందులోనైతే అక్కడ నివసించే వారందరి సమ్మతి కావాలి. ట్యునీషియాలో హిజ్రీ ఎనిమిదో శతాబ్దంలో జీవించిన ఇబ్నుర్రామీ స్వయంగా తాపీపనివాడు. న్యాయమూర్తుల తరఫున కట్టడాల తగాదాలు పరిశీలించి, ఆ అనుభవంతో ఒక గ్రంథమే రాశాడు. ఎదురింటి లోపల కనబడేలా తలుపు పెట్టవచ్చా, ముంగిలిని ఎంతవరకు వాడుకోవచ్చు వంటి వివాదాలు అందులో ఉన్నాయి. ఈ చట్టాలన్నీ ముంగిలిని అలంకారంగా చూడలేదు. ఇరుగుపొరుగుల హక్కులు తాకే చోటుగా చూశాయి.

ఇక హైదరాబాదు దేవిడీల సంగతి. ‘దేవిడీ’ అంటే మొదట ద్వారం, ద్వారం దగ్గరి కావలి చోటు. కాలక్రమంలో ఆ మాట మొత్తం భవంతికే పేరైంది. పేరే ఇంత చెబుతోంది: ఆ ఇళ్ళలో వీధివైపు గొప్పగా కనిపించేది పెద్ద దర్వాజా మాత్రమే. మిగతాదంతా దాదాపు మూసిన గోడ. దర్వాజా దాటి లోపలికి పోయినవారికి ముంగిలి సూటిగా కనబడకుండా దారి ఒక మలుపు తిరుగుతుంది, లేదా అడ్డుగోడ ఉంటుంది. ఆ తర్వాత ఆకాశానికి తెరచిన సహన్, చాలా ఇళ్ళలో మధ్యన హౌజు. దాని చుట్టూ దాలాన్లు. దాలాన్ అంటే మూడు వైపుల గోడలుండి, నాలుగో వైపు స్తంభాలతో సహన్‌కు తెరచి ఉండే వసారా. గొప్పవారి ఇళ్ళలో ముందొకటి, దాని వెనుక మరొకటి, ‘దాలాన్ దర్ దాలాన్’ ఉండేవి. వెనుకదానికి ఆనుకొని కొంచెం ఎత్తున షహ్‌నషీన్. పురుషుల భాగమైన మర్దానాకు ఒక సహన్, జనానాకు మరొకటి. స్తంభాలు సాధారణంగా టేకువి, రాతి దిమ్మల మీద నిలిపినవి. స్తంభాల మధ్య, అంచున పూరేకుల్లా వంపులు తిరిగే కమానులు. ఎండవేళ చిల్మన్లు దించేవారు.

పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ ఇళ్ళకు వసారా లేకపోలేదు. అద్భుతమైన వసారా ఉంది. అది లోపలికి చూస్తుంది. తెలంగాణ ఎండలకు అది తగిన ఏర్పాటు కూడా. సహన్‌లో నీళ్ళు చల్లితే రాత్రికల్లా చల్లబడిన గాలి దాలాన్‌లోకి వస్తుంది. ముస్లిముల ఇళ్ళకే ఇది పరిమితమని అనుకోవడం పొరపాటు. నిజాముల కొలువులో ఉన్న కాయస్థ కుటుంబమైన మాల్వాలావారి భవనం కూడా చెక్కడపు టేకు స్తంభాల దాలాన్లతోనే ఉండేది. చార్మినార్ సమీపంలోని ఆ భవనం 2000లో కూల్చివేయబడింది. మన తెలుగు జిల్లాల మండువా లోగిలి కూడా మధ్యన ఆకాశానికి తెరచిన ఇల్లే కదా!

మరి వీధికి ఎదురుగా గుండ్రని స్తంభాలతో నిలిచే ముఖం ఎక్కడిది? దాని పుట్టుక మనకు స్పష్టంగానే తెలుసు. 1798లో నిజాం అలీ ఖాన్ ఆంగ్లేయులతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. అప్పటి రెసిడెంటు జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ 1803లో మూసీ ఉత్తరపు ఒడ్డున కొత్త భవనం ప్రారంభించాడు. నమూనా రచించినవాడు మద్రాసు ఇంజనీర్లలో ఒకడైన శామ్యూల్ రస్సెల్. విశాలమైన మెట్లు, రెండు వైపులా సింహాలు, ఆరు ఎత్తైన కొరింథియన్ స్తంభాలు, వాటిపై ముక్కోణపు శిఖరం, అందులో ఈస్టిండియా కంపెనీ చిహ్నం. అధికారం ఎవరిదో మాట లేకుండా చెప్పే ముఖద్వారం అది. అదే ఆవరణలో కిర్క్‌పాట్రిక్ తన భార్య ఖైరున్నిసా కోసం హైదరాబాదీ పద్ధతిలో రంగ్‌మహల్ అనే జనానా కూడా కట్టించాడు. రంగ్‌మహల్ తర్వాతి రెసిడెంట్ల కాలంలో కూల్చబడింది. స్తంభాల ముఖం మిగిలింది. 1949లో అక్కడికి ఉస్మానియా మహిళా కళాశాల వచ్చింది. ‘కోఠీ’ అనే పేట పేరు ఆ భవనం నుంచి వచ్చిందే.

ఆ ముఖద్వారాన్ని చూసి ఉమరాలు తమ భవనాలకూ అలాంటివి పెట్టించుకోసాగారు. హుసేనీఆలంలోని ఖుర్షీద్‌జా దేవిడీ, 1884లో వికారుల్ ఉమరా ప్రారంభించిన ఫలక్‌నుమా, చౌమహల్లాలోని కొన్ని మహళ్ళ ముఖాలు ఈ వరుసలోవే. బగ్గీలు, ఆపై మోటారు కార్లు వచ్చాక పోర్టికోకు మరో పని దొరికింది. మేనాలో వచ్చిన స్త్రీ దేవిడీలోపలికే వచ్చి దిగేది. బగ్గీ, కారు లోపలి మలుపు తిరగలేవు. కనుక బయటే దిగడానికి ఒక కప్పు అవసరమైంది. అలా ‘పోర్టికో’ అనే మాట మన తెలుగులో కారు నిలిపే నీడకు స్థిరపడింది. ఇప్పుడు కారు లేనివారు కూడా పోర్టికో కట్టిస్తున్నారు, అది వేరే విషయం.

దీన్ని బట్టి స్తంభాల ముఖం పరాయిది, పనికిరానిదని తీర్మానించడం కూడా సరికాదు. ఖుర్షీద్‌జా దేవిడీకి ఆ స్తంభాలే చరిత్ర. వాటిని తీసి దాలాన్ కమానులు పెడితే అదీ అబద్ధమే. ప్రతి ఇంటికీ తన వయస్సు ఉంటుంది. ఒకే ఇంట్లో వెనుక సహన్ 1820ల నాటిదీ, ముందు పోర్టికో 1920ల నాటిదీ కావచ్చు. ఆ రెండూ నిజాలే. నేను అభ్యంతరపెట్టేది ఒక్కదానికే. టేకు దాలాన్ మీద నిలిచిన ఇంటికి సిమెంటు కొరింథియన్ స్తంభాలు పెట్టి ‘పూర్వకాలపు పద్ధతి’ అనడం.

రాయలసీమలో ఇందుకు తలకిందులైన పొరపాటు జరుగుతోంది. కర్నూలు, కడప ప్రాంతాల పాత ఊళ్ళలో ముస్లిముల ఇళ్ళు అక్కడి ఇతరుల ఇళ్ళలాంటివే. కడప బండతో, మట్టి మిద్దెతో, తలుపుకు రెండు వైపులా అరుగులతో ఉండేవి. సాయంత్రం ఆ అరుగు మీద కూర్చున్న పెద్దలు దారిన పోయేవారి సలాంకు, దండానికి ఒకేలా జవాబిచ్చేవారు. అక్కడ వసారా నిజంగానే వీధికి చూస్తుంది. దారి హక్కు గురించిన హదీసు అక్షరాలా అమలయ్యే చోటు అది. ఇలాంటి ఇంటికి మరమ్మతు చేయిస్తూ ‘ముస్లిం ఇల్లని తెలియాలి’ అని పైన గుమ్మటం, ముందు మొగలాయి కమాను పెట్టించడం ఈమధ్య ఎక్కువైంది. తాతగారు కూర్చున్న అరుగును పగులగొట్టి, ఆయన ఎన్నడూ చూడని ఆగ్రాను అక్కడ నిలబెట్టడం చరిత్రను కాపాడటమెలా అవుతుంది? ఆ అరుగే ఆ ఇంటి ముస్లిం చరిత్ర.

అసలు ముందు భాగం ఎలా ఉండేదో కనుక్కోవడం అసాధ్యమేమీ కాదు. మొదట గోడనే అడగాలి. దూలాలు దిగిన గూళ్ళు గోడలో మిగిలి ఉంటాయి. వాటి ఎత్తు కప్పు ఎత్తును, వాటి మధ్య దూరం స్తంభాల వరుసను చెబుతుంది. పాత కప్పు గోడకు ఆనిన చోట సున్నం రంగు ఒక గీతలా మారి ఉంటుంది. నేలను జాగ్రత్తగా ఒక జానెడు తవ్వితే స్తంభాల రాతి దిమ్మలు బయటపడవచ్చు. వాటిని ‘పాత రాళ్ళు’ అని మేస్త్రీ బండిలో వేసి పంపకముందే కొలతలు రాసుకోవాలి. ఆ తర్వాత కాగితాలు. పంపకపు దస్తావేజుల్లో, వక్ఫ్‌నామాల్లో హద్దులు చెప్పేటప్పుడు దాలాన్, దేవిడీ, బావి వంటి మాటలు వస్తాయి. పార్సీ, ఉర్దూ షికస్తా లిపిలో ఉన్నందువల్ల ఎవరూ చదవక చెదలు తింటున్న ఈ కాగితాలను మదర్సాలో చదివినవారైనా చదివి పెట్టాలి. మన పట్టభద్రులకు ఇది మంచి సేవ. హైదరాబాదుకు మరో గొప్ప ఆధారం ఉంది. లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో 1912 నుంచి 1915 వరకు తయారైన పురపాలక పటాలు. వరద తర్వాతి నగరాన్ని ఇల్లిల్లూ విడిగా గుర్తించిన పటాలవి. మీ ఇంటి సహన్ ఎటువైపు ఉండేదో, వీధి హద్దు ఎక్కడుండేదో వాటిలో చూసుకోవచ్చు. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు లాలా దీన్‌దయాళ్ చిత్రాలు గొప్ప భవనాలకు పనికివస్తాయి. సామాన్యుల ఇళ్ళకు పెళ్ళి ఫోటోలే దిక్కు. వరుడు సెహ్రాతో నిలబడ్డ ఫోటో వెనుక దాలాన్ స్తంభం తరచుగా కనిపిస్తుంది.

సామగ్రి కూడా తేదీ చెబుతుంది. పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో పేటెంటు లభించింది 1824లో. మన దేశంలో పోర్‌బందర్ కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది 1914లో. మంగళూరులో బాసెల్ మిషన్ వారి పెంకుల కర్మాగారం 1865 నాటిది. కనుక 1840 నాటి దాలాన్‌కు మంగళూరు పెంకు వేసి ‘పాత పద్ధతి’ అనడం కుదరదు. సిమెంటు విషయంలో చరిత్రకంటె పెద్ద చిక్కు ఒకటుంది. పాత గోడలు డంగు సున్నంతో కట్టినవి. అవి తేమను పీల్చి మళ్ళీ గాలికి వదులుతాయి. వాటిపై సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది. కొన్నేళ్ళకు గోడ ఉప్పుబారి, లోపలి సున్నం పొడిగా రాలుతుంది. కాంక్రీటు పలక బరువు పాత గోడపై పడితే బీటలు వస్తాయి. వసారా బాగుచేయబోయి ఇల్లే పోగొట్టుకోవడమంటే ఇదే. గానుగలో బాగా రుబ్బిన సున్నం, అందులో కరక్కాయ నీళ్ళు, బెల్లం, పైకప్పుకు టేకు దూలాలు, వాటిపై ఇటుక, సున్నం. ఖర్చు ఎక్కువే, ఆరడానికి సమయమూ ఎక్కువే. ఈ పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. చౌమహల్లా మరమ్మతులో సంప్రదాయ పనివారి నైపుణ్యం ఉపయోగపడింది. దానికి 2010లో యునెస్కో పురస్కారం కూడా లభించింది.

ఆధారం దొరకని చోట ఏం చేయాలి? 1964లో వెనిస్‌లో నిపుణులు కూర్చి ఆమోదించిన ఒడంబడిక దీనికి తగిన సమాధానమే ఇచ్చింది. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగాలి. కొత్తగా చేర్చిన భాగం పాతదానితో పొసగాలి, కాని పాతదని భ్రమ కలిగించకూడదు. ఆచరణలో దీని అర్థం సులభం. పాత స్తంభాల చెక్కడం ఎలా ఉండేదో తెలియకపోతే చెక్కడం లేని సాదా టేకు స్తంభం నిలపండి. ఎత్తు, దూరం, దిశ పాతవాటి ప్రకారమే ఉండనివ్వండి. వీధి వెడల్పులో దేవిడీ పూర్తిగా పోయి, సహన్ నేరుగా రోడ్డుకు తెరచుకొని ఉంటే, ముందు కావలసింది స్తంభాలు కావు. ఒక గోడ, ఒక దర్వాజా, ఒక మలుపు. ఇంటి ఆడవారు దాలాన్‌లో మళ్ళీ నిశ్చింతగా కూర్చోగలిగేది అప్పుడే. ఎంత మంచి కమాను అయినా ఆ పని చేయలేదు.

సాదాతనానికి చరిత్రలో విలువ ఉంటుందా అని సందేహించేవారికి మదీనాలో జరిగిన ఒక సంఘటన చెప్పాలి. దైవప్రవక్త (స) సతీమణుల గదులు పచ్చి ఇటుకలతో, ఖర్జూరపు మట్టలతో కట్టినవి. తలుపులకు గొంగడి పరదాలు. చిన్నతనంలో ఆ గదుల కప్పును చేతితో అందుకునేవాడినని హసన్ బస్రీ చెప్పినట్టు ఉల్లేఖనముంది. ఖలీఫా వలీద్ కాలంలో, హిజ్రీ 88 ప్రాంతంలో, మస్జిదు విస్తరణ కోసం ఆ గదులను కూల్చమని ఆజ్ఞ వచ్చింది. ఆజ్ఞ చదివిన రోజున మదీనావాసులు విలపించారని ఇబ్న్ సఅద్ నమోదు చేశాడు. వాటిని అలాగే ఉంచి ఉంటే, తరువాతి తరాలవారు వచ్చి ప్రవక్త (స) ఎంతటి సాదా జీవితంతో తృప్తిపడ్డారో కళ్ళారా చూసేవారని సఈద్ బిన్ ముసయ్యిబ్ బాధపడ్డారు. విస్తరణ అవసరమే కావచ్చు. అయినా ఆ తాబయీ పెద్దలు ఒక మట్టిగోడ మాత్రమే చెప్పగల సాక్ష్యం ఉంటుందని ఎరిగినవారు.

పని ముగిసిన తర్వాత కొత్త దిమ్మ మీద సంవత్సరం చెక్కించడం మరువరాదు. ఇది మన పూర్వుల అలవాటే. అబ్జద్ లెక్కన అక్షరాలకు అంకెలు కూర్చి తేదీ చెప్పేవారు. ‘యా హాఫిజ్’ అక్షరాలను కూడితే వెయ్యి వస్తుంది. అది హైదరాబాదు, చార్మినార్ వెలసిన హిజ్రీ 1000, అంటే క్రీ.శ. 1591. అంత చమత్కారం చేతగాకపోయినా హిజ్రీ, క్రీస్తు శకపు సంవత్సరాలు రెండూ, ‘పునర్నిర్మితం’ అనే మాటా ఉంటే చాలు. దిమ్మ లోపలివైపు, సహన్‌కు ఎదురుగా ఉండే ముఖం మీద చెక్కిస్తే వానకు త్వరగా అరగదు.